మా నాన్న "మారిపోయాడా"? డిమెన్షియా చరిత్ర నేర్పిన పాఠాలు

మా నాన్న యాభై ఏళ్ళకు పైగా హేతువాది. గుంటూరు జిల్లాలో హైస్కూలు సైన్సు మాస్టారుగా పనిచేశాడు. సెలవు రోజుల్లో ఊరూరా తిరిగి, నిప్పుల మీద నడవడం, కొబ్బరికాయలోంచి రక్తం కార్చడం, గాల్లోంచి విభూది తీయడం వగైరా "మహిమల" కిటుకులు చేసి చూపించేవాడు. ఆయన పెళ్ళికి పురోహితుడు లేడు, మా పెళ్ళిళ్ళకీ లేడు. అలాంటి మనిషి 2014లో, తన డెబ్బై ఎనిమిదో ఏట, ఒక సాయంత్రం మా ఇంటి వరండాలో కూర్చుని రెండు గిన్నె మూతలు తాళాల్లా వాయిస్తూ రామభజన అందుకున్నాడు. ఒక్క చరణం కూడా తప్పకుండా పాడాడు. అప్పటికి ఆయనకు నా పేరు గుర్తుండటం లేదు.

ఆ భజన మీద మా చుట్టూ మూడు రకాల తీర్పులు వచ్చాయి. మా మేనత్త కళ్ళు తుడుచుకుని, "చూశావట్రా అబ్బాయ్, చివరికి ఆ రాముడే దిక్కయ్యాడు" అంది. వరసకు బాబాయి అయ్యే ఒకాయన "ఇది మామూలు రోగం కాదు, ఎవరో చేయించారు" అని తేల్చాడు. మూడో తీర్పు మా సంఘంలోంచే వచ్చింది. నెలవారీ సమావేశం అయిపోయాక ఒక మిత్రుడు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి "మాస్టారు మారిపోయారటగా?" అని అడిగాడు.

ముగ్గురి నమ్మకాలూ వేరు, కానీ ముగ్గురూ చేసిన పొరపాటు ఒకటే. జబ్బుపడిన మెదడు చేయించే పనిని ఆ మనిషి ఉద్దేశంగా, అభిప్రాయంగా చదివారు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు పెద్ద హక్కు లేదు, ఎందుకంటే మొదటి రెండేళ్ళూ నేను చేసిందీ అదే. ఈ పొరపాటుకు చాలా పాత చరిత్ర ఉంది. దాన్ని తెలుసుకున్నాకే నేను మా నాన్నను కొంతైనా అర్థం చేసుకోగలిగాను.

మాటల్లో దాగిన తీర్పు

అడిగిందే అడిగితే, చెప్పిందే చెబితే మనం "చాదస్తం" అంటాం. హిందీలో "సఠియానా" అనే మాట ఉంది. సాఠ్ అంటే అరవై. అరవై నిండి మతి చెడటాన్ని ఆ మాట చెబుతుంది. కన్నడంలో అరవైకి "అరళు మరళు" అంటారు. అంటే వయసు ముదిరితే బుద్ధి సడలడం సహజమనీ, అందులో ఆలోచించవలసిందేమీ లేదనీ మన భాషలే ముందుగా తీర్పు చెప్పేశాయి. అరవై దాటినవాళ్ళలో ఎక్కువ మందికి డిమెన్షియా రాదు. కానీ సామెతకు లెక్కలతో పనిలేదు కదా!

అమెరికా మానవశాస్త్రవేత్త లారెన్స్ కోహెన్ వారణాసిలో ఈ విషయం మీద పరిశోధన చేసి, 1998లో "నో ఏజింగ్ ఇన్ ఇండియా" అనే పుస్తకం వేశాడు. ముసలి మనిషి కేకలు వేస్తుంటే ఇరుగుపొరుగు దాన్ని మెదడు జబ్బుగా చూడరనీ, కొడుకులూ కోడళ్ళూ సరిగా చూడటం లేదనడానికి గుర్తుగా తీసుకుంటారనీ ఆయన గమనించాడు. అది మా ఇంట్లో అక్షరాలా జరిగింది. నాన్న అన్నం తిన్న అరగంటకు గుమ్మంలోకి వెళ్ళి, దారిన పోయేవాళ్ళతో "పొద్దుట్నుంచీ నాకు మెతుకు పెట్టలేదండీ" అని చెప్పేవాడు. అప్పటికి యాభై ఏళ్ళుగా ఆయనకు వండిపెట్టిన మా అమ్మ వీధిలో తలెత్తుకోలేకపోయింది. నాన్న అబద్ధం చెప్పడం లేదు. ఆయన మెదడులో ఆ భోజనం నమోదు కాలేదు, అంతే. ఆ సంగతి వీధికి ఎవరు చెబుతారు?

మంత్రగత్తెలూ ముసలమ్మలూ

యూరప్‌లో మంత్రగత్తెల పేరుతో వేలాది మందిని, ఎక్కువగా స్త్రీలను, చంపిన కాలం మన పాఠకులకు తెలిసిందే. ఆ కాలంలో ఎదురు మాట్లాడిన ఇద్దరిని ఇక్కడ గుర్తు చేయాలి. ఒకడు జొహాన్ వేయర్ అనే వైద్యుడు. 1563లో అచ్చయిన తన పుస్తకంలో, సైతానుతో ఒప్పందం చేసుకున్నామని "ఒప్పుకుంటున్న" ముసలి స్త్రీలలో చాలామంది మనసు చెదిరిన రోగులేననీ, వాళ్ళకు కావలసింది చితి కాదు, వైద్యమనీ వాదించాడు. వేయర్ మనలాంటి హేతువాది కాడు, సైతాను ఉన్నాడనే నమ్మాడు. అయినా ఎదురుగా ఉన్న మనిషిని మాత్రం వైద్యుడి కళ్ళతో చూశాడు. రెండోవాడు ఇంగ్లండులోని కెంట్ ప్రాంతానికి చెందిన రెజినాల్డ్ స్కాట్. 1584లో రాసిన పుస్తకంలో, మంత్రగత్తెలని ముద్రపడేవాళ్ళు ఎవరో చూడండి అన్నాడు. ముసలితనం, పేదరికం, కుంటితనం, మసక చూపు, చెదిరిన మతి. తమలో తాము గొణుక్కోవడం, ఇరుగుపొరుగు మీద చిరచిరలాడటం. ఈ ఇద్దరినీ ఖండిస్తూ 1597లో ఒక పుస్తకం వచ్చింది. రాసినవాడు స్కాట్లండు రాజు ఆరో జేమ్స్!

అలా చనిపోయిన వాళ్ళందరికీ డిమెన్షియా ఉందని నేను అనడం లేదు. ఆస్తి తగాదాలు, మతం, హింసపెట్టి రాబట్టిన ఒప్పుకోళ్ళు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. నాలుగు వందల ఏళ్ళ కింద ఆనవాలుగా పనికొచ్చిన ప్రవర్తన ఇవాళ కూడా పనికొస్తోందన్నదే నా బాధ. మన దేశంలో బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో, ఒడిశా 2013లో, రాజస్థాన్ 2015లో మంత్రగత్తె ముద్ర వేయడాన్ని నేరంగా చేస్తూ చట్టాలు చేయవలసి వచ్చింది. తెలంగాణ పల్లెల్లో బాణామతి పేరుతో మనుషుల్ని కొట్టడం, చంపడం మనం పత్రికల్లో చదువుతూనే వచ్చాం. అర్ధరాత్రి వీధిలో తిరుగుతూ గాలితో మాట్లాడే ఒక ముసలమ్మను ఊరు ఏమనుకుంటుందో ఊహించడం కష్టం కాదు.

మా ఇంటికీ భూతవైద్యుడు వచ్చాడు. మా అక్క పిలిపించింది. అప్పటికి నాన్న మంచం పక్కన ఇద్దరు చిన్న పిల్లలు నిలబడి ఉన్నారని రోజూ చెబుతున్నాడు. "ఆ పిల్లలకు కాస్త అన్నం పెట్టవే" అని అమ్మను పిలిచేవాడు. వచ్చినతను నిమ్మకాయలు, వేపమండలు బయటకు తీశాడు. నేను గట్టిగా వాదించి పంపించేశాను. అక్క ఏడుస్తూ, "సరేరా, దయ్యం కాదన్నావు. మరి నాన్నకు ఆ పిల్లలు ఎందుకు కనిపిస్తున్నారో నువ్వు చెప్పు" అంది. నా దగ్గర జవాబు లేదు. "అంతా భ్రమ" అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. దయ్యం లేదని చెప్పగలిగాను గానీ ఉన్నదేమిటో చెప్పలేకపోయాను.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక స్త్రీ

ఆ ప్రశ్నకు జవాబు వెతికే దారిలో అందరికీ మొదట తగిలేది ఆగస్టె డెటర్ అనే జర్మన్ స్త్రీ. 1850లో పుట్టింది. భర్త రైల్వేలో గుమాస్తా. యాభై దాటేసరికి ఆమెలో మార్పు మొదలైంది. మొదట కనిపించినది భర్త మీద అనుమానం. ఆ తర్వాత జ్ఞాపకశక్తి తగ్గింది. వస్తువులు దాచేది, ఎవరో తనను చంపడానికి వస్తున్నారని అరిచేది. 1901 నవంబరు 25న ఆమెను ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో చేర్చారు. అక్కడి వైద్యుడు అలోయిస్ అల్జైమర్.

అల్జైమర్ చేసిన గొప్ప పని సూక్ష్మదర్శినితో మొదలవలేదు. ఎదురుగా కూర్చుని ఆమెను ప్రశ్నలడిగి, జవాబులు ఉన్నవి ఉన్నట్టు రాసుకోవడంతో మొదలైంది. పేరేమిటంటే ఆగస్టె అంది. ఇంటిపేరు అడిగినా ఆగస్టె అనే చెప్పింది. భర్త పేరు అడిగితే కాస్త తటపటాయించి మళ్ళీ ఆగస్టె అనే అంది. కాలీఫ్లవరూ పందిమాంసమూ తింటూ ఉండగా ఏం తింటున్నావని అడిగితే పాలకూర అంది. ఒక దశలో తనను తాను పోగొట్టుకున్నానని కూడా చెప్పింది. తనలో జరుగుతున్నది తెలియనంతగా ఆమె "మతిలేనిది" కాదన్నమాట. ఈ కాగితాలు చాలాకాలం కనిపించకుండా పోయి, 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే దొరికాయి.

ఆగస్టె 1906 ఏప్రిల్ 8న చనిపోయింది. అప్పటికి మ్యూనిక్‌లో పనిచేస్తున్న అల్జైమర్ ఆమె మెదడును తెప్పించుకుని, వెండి లవణాలతో రంగు పట్టించి పరీక్షించాడు. కణాల బయట పేరుకున్న మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. మచ్చల్లో ఉన్నది అమిలాయిడ్ అనే ప్రొటీను, పోగుల్లో ఉన్నది టౌ అనే ప్రొటీను అని తేలడానికి 1980ల దాకా ఆగవలసి వచ్చింది. అల్జైమర్ 1906 నవంబరు 3న ట్యూబింగెన్‌లో వైద్యుల సభ ముందు ఈ సంగతులు చెప్పాడు. సభలో ఒక్కరూ ప్రశ్న అడగలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. భర్త మీద అనుమానం, వస్తువులు దాచడం, అర్ధరాత్రి కేకలు. ఇవి వందేళ్ళ ముందు "చెడ్డ గుణాలు", మరో రెండు వందల ఏళ్ళ ముందు "సైతాను చేష్టలు". 1906లో వాటి పక్కన మెదడులో కంటికి కనిపించే మార్పును పెట్టి చూపించగలిగారు.

పేరు పెట్టడంలో జరిగిన పొరపాటు

1910లో ఎమిల్ క్రేపెలిన్ తన మానసిక వైద్య గ్రంథంలో దీనికి అల్జైమర్ జబ్బు అని పేరు పెట్టాడు. ఆగస్టె చిన్న వయసులో జబ్బుపడింది కాబట్టి, ఇది వయసు మళ్ళకముందే వచ్చే అరుదైన రోగమన్న అభిప్రాయం స్థిరపడింది. డెబ్బై, ఎనభై ఏళ్ళవాళ్ళకు అవే లక్షణాలు వస్తే మాత్రం అది వృద్ధాప్యం కిందే జమ అయింది. చిన్నవాళ్ళకైతే రోగం, ముసలివాళ్ళకైతే చాదస్తం! సైన్సు కూడా సామెత మాటే చెప్పిందన్నమాట.

దీన్ని సరిదిద్దడానికి అరవై ఏళ్ళు పట్టింది. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో బ్లెస్డ్, టామ్లిన్‌సన్, రోత్ అనే ముగ్గురు, ముసలివాళ్ళు బతికుండగా వాళ్ళ మతి ఎంత తగ్గిందో కొలిచి, చనిపోయాక వాళ్ళ మెదళ్ళలో మచ్చలు లెక్కపెట్టారు. రెంటికీ సంబంధం ఉందని 1968లో ప్రకటించారు. 1976లో రాబర్ట్ కాట్జ్‌మన్ అనే అమెరికన్ నాడీ వైద్యుడు ఒక చిన్న సంపాదకీయంలో, వయసును బట్టి పెట్టిన ఈ గీత అర్థం లేనిదనీ, రెండూ ఒకటే జబ్బనీ, ఇది జనాన్ని చంపే పెద్ద జబ్బుల్లో ఒకటనీ వాదించాడు. సైన్సు పొరపడదని మనం ఎన్నడూ అనలేదు. తన తప్పును తానే లెక్కపెట్టి దిద్దుకుంటుందని అన్నాం. ఇది అందుకు మంచి ఉదాహరణ.

ఒక్కో ప్రవర్తనకు ఒక్కో తాళంచెవి

ఇక అక్క అడిగిన ప్రశ్నకు వద్దాం. నాన్న చేసిన పనుల్లో ప్రతిదానికీ ఎవరో ఒకరు ఎప్పుడో దారి చూపించి ఉన్నారు.

మొదటిది, "మా అమ్మ దగ్గరికి పోతాను" అనడం. సాయంత్రం కాగానే నాన్న చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడేవాడు. మా నాయనమ్మ 1974లోనే పోయింది. ఫ్రెంచి మనోవిజ్ఞాని థియొడ్యూల్ రిబో 1881లో ఒక సూత్రం చెప్పాడు. జ్ఞాపకశక్తి చెడేటప్పుడు కొత్తవి ముందు పోతాయి, పాతవి చివరిదాకా నిలుస్తాయి. నాన్న మెదడులో చివరి నలభై ఏళ్ళు పైనుంచి రాలిపోయాయి. మిగిలిన కాలంలో ఆయనకు అమ్మ ఉంది, ఇల్లు ఉంది. పొద్దుగూకితే ఇంటికి పోవాలి. ఆ లెక్క ప్రకారం ఆయన తర్కంలో తప్పేమీ లేదు.

రెండోది, అమ్మను గుర్తుపట్టకపోవడం. "ఈ పెద్దావిడ ఎవరండీ? మా ఇంట్లో ఎందుకున్నారు?" అని నన్నే "మీరు" అంటూ అడిగేవాడు. ముప్పై ఏళ్ళ భార్య కోసం వెతికే మనిషికి డెబ్బై ఏళ్ళ స్త్రీ ఎవరనిపిస్తుంది? ఇంకొన్ని రోజులు "చూడటానికి మా ఆవిడలాగే ఉంది గానీ ఆమె కాదు" అనేవాడు. దీన్ని 1923లో జోసెఫ్ కప్‌గ్రా అనే ఫ్రెంచి వైద్యుడు తన సహచరుడితో కలిసి వివరించాడు. ముఖం గుర్తుపట్టే భాగం పనిచేస్తూ, ఆ ముఖంతో ముడిపడిన ఆత్మీయత మాత్రం తెగిపోతే, ఎదుటి మనిషి వేషం వేసుకొచ్చిన మోసగాడిలా కనిపిస్తాడన్నది ఇవాళ ఎక్కువ మంది ఒప్పుకునే వివరణ.

మూడోది, మంచం పక్కన పిల్లలు. ఫ్రిట్జ్ లెవీ 1912లో కొందరి మెదడు కణాల్లో గుండ్రని ముద్దలు చూశాడు. జపాను వైద్యుడు కెంజి కొసాకా 1976 నుంచి రాసిన పత్రాల వల్ల, ఆ ముద్దలతో వచ్చే డిమెన్షియా ఒకటి ఉందని తెలిసింది. అందులో స్పష్టమైన రూపాలు, ముఖ్యంగా పిల్లలు, జంతువులు, మనుషులు కనిపించడం ప్రధాన లక్షణం. మా నాన్నకు ఉన్నది ఆ రకమేనని తర్వాత నాడీ వైద్యులు అన్నారు. ఆ మాట విన్నాక అక్క నిమ్మకాయల ఊసెత్తలేదు. నేను చేసిన వాదన చేయలేని పని ఒక్క సరైన వివరణ చేసింది.

నాలుగోది, కారణం మర్చిపోయినా భావం మిగలడం. 1911లో జెనీవాలో ఎడ్వర్డ్ క్లపరేడ్ అనే వైద్యుడు, కోర్సకాఫ్ జబ్బుతో జ్ఞాపకశక్తి పోయిన ఒక స్త్రీకి కరచాలనం చేస్తూ వేళ్ళ మధ్య దాచిన గుండుసూదితో గుచ్చాడు. కాసేపటికి ఆమె ఆ సంగతి మర్చిపోయింది. ఆ తర్వాత అతను చెయ్యి చాపితే మాత్రం వెనక్కి లాక్కుంది. ఎందుకో చెప్పలేకపోయింది. ఇవాళ ఇలాంటి ప్రయోగానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కానీ 2014లో అల్జైమర్ రోగులకు సినిమా ముక్కలు చూపించి చేసిన పరిశోధనలోనూ ఇదే తేలింది. సినిమా మర్చిపోయారు, అది కలిగించిన దుఃఖమూ సంతోషమూ మిగిలాయి.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్పాలి.

నేను చేసిన తప్పు

నాన్న "అమ్మ దగ్గరికి పోతాను" అన్న ప్రతి సాయంత్రం నేను నిజం చెప్పేవాణ్ణి. "నాన్నా, నాయనమ్మ చనిపోయి నలభై ఏళ్ళయింది." సత్యం చెప్పడం మన నియమం కదా. విన్న ప్రతిసారీ నాన్న మొదటిసారి విన్నట్టే విన్నాడు. "ఎప్పుడు? నాకెవరూ చెప్పలేదే" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. అరగంటకు వార్త మర్చిపోయేవాడు. దిగులు మాత్రం రాత్రంతా ఉండేది, నిద్రపోయేవాడు కాదు, అమ్మను తిట్టేవాడు. మళ్ళీ మర్నాడు సాయంత్రం నేను మళ్ళీ నాయనమ్మను చంపేవాణ్ణి. నెలల తరబడి ఇలా చేశాను. భూతవైద్యుణ్ణి గుమ్మం దాటనివ్వలేదని గర్వపడిన నేను!

బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో పనిచేసిన టామ్ కిట్‌వుడ్ 1997లో "డిమెన్షియా రీకన్సిడర్డ్" అనే పుస్తకం రాశాడు. రోగి ప్రవర్తనలో కొంత మెదడు జబ్బు వల్ల వస్తుంది, మిగతాది చుట్టూ ఉన్నవాళ్ళు ఆ మనిషితో మసలుకునే తీరు వల్ల వస్తుందన్నది ఆయన వాదన. మాట మాటకీ తప్పు దిద్దడం, పసివాడిలా చూడటం, ఎదురుగా ఉండగానే లేనట్టు మాట్లాడుకోవడం, మోసపుచ్చడం, ఇవన్నీ అతన్ని మరింత కుంగదీస్తాయన్నాడు. వీటిని ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేయరని కూడా అన్నాడు.

ఆ తర్వాత నేను పద్ధతి మార్చాను. "నాయనమ్మ చచ్చిపోయింది" అనడం మానేశాను. "నాయనమ్మ ఊళ్ళో ఉంది, రేపు పోదాం" అనీ చెప్పలేదు, అబద్ధం నా నోట రాలేదు. "మీ అమ్మ ఏం వండేది నాన్నా?" అని అడిగాను. నాన్న చెప్పులు విడిచి అరుగు మీద కూర్చున్నాడు. గోంగూర గురించి, కట్టెల పొయ్యి గురించి, బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఉట్టి మీద దాచిపెట్టే చద్దన్నం గురించి చాలాసేపు చెప్పాడు. గేటు సంగతి మర్చిపోయాడు. ఆయన అడుగుతున్నది చిరునామా కాదని నాకు అప్పుడు తెలిసింది. భయం వేసిన మనిషి తనకు తెలిసిన చోటికి పోవాలనుకుంటున్నాడు. ఎప్పుడూ ఇలా జరగలేదు. కొన్ని సాయంత్రాలు ఏం చేసినా ఆగేవాడు కాదు, అప్పుడు నేనూ చెప్పులేసుకుని ఆయనతో వీధి చివరిదాకా నడిచి వచ్చేవాణ్ణి.

కట్లు, మాత్రలు, పుచ్చిన పన్ను

ప్రవర్తన అర్థం కానప్పుడు మనుషులు ఏం చేస్తారు? దాన్ని అణచేస్తారు. మొదట గొలుసులు, తర్వాత మంచానికి కట్టే పట్టీలు, ఆ తర్వాత మాత్రలు. వృద్ధుల సంరక్షణ గృహాల్లో అకారణంగా కట్టేయడాన్నీ, మందులతో మత్తులో ఉంచడాన్నీ అదుపు చేస్తూ అమెరికా 1987లో చట్టం చేసింది. 2005లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ, డిమెన్షియా ఉన్న వృద్ధులకు మతిభ్రమణానికి వాడే కొత్తరకం మందులిస్తే మరణాలు పెరుగుతున్నాయని హెచ్చరించింది. 2009లో బ్రిటన్ ప్రభుత్వానికి ప్రొఫెసర్ బెనర్జీ ఇచ్చిన నివేదిక అంచనా ప్రకారం అక్కడ ఏటా 1,80,000 మంది డిమెన్షియా రోగులకు ఈ మందులు ఇస్తుండగా, మేలు పొందేది 36,000 మంది. అదనపు మరణాలు 1,800. లెవీ ముద్దల రకంలో ఈ మందులు మరీ ప్రమాదం. ఈ మందులు ఎప్పుడూ వాడకూడదని కాదు. తప్పనిసరి అయినప్పుడు, తక్కువ మోతాదులో, కొద్ది రోజులు, వైద్యుడి కనుసన్నల్లో వాడాలి. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా ఆపకూడదు కూడా.

ఒకసారి నాన్న ఉన్నట్టుండి కొట్టడం మొదలుపెట్టాడు. కంచం విసిరేశాడు, అమ్మ చేతిని రక్కాడు. అప్పట్లో మేము చూపించిన ఒక డాక్టరు పరీక్షించకుండానే మత్తు మాత్ర రాశాడు. నాన్న తూలి పడ్డాడు. ఐదో రోజున ముఖం కడుగుతుంటే అమ్మే కనిపెట్టింది, ఎడమ దవడ వాచి ఉంది. దవడ పన్ను పుచ్చి చీము పట్టింది. పన్ను తీయించాక కొట్టడం ఆగిపోయింది. "నొప్పి" అన్న మాట పోగొట్టుకున్న మనిషికి కంచం విసరడమే మాట. నార్వేలో 18 సంరక్షణ గృహాల్లో 352 మంది మీద చేసి 2011లో ప్రచురించిన పరిశోధన ఇదే చెప్పింది. ఉద్రేకంగా ఉన్న డిమెన్షియా రోగులకు పద్ధతి ప్రకారం నొప్పికి వైద్యం చేస్తే, ఎనిమిది వారాల్లో ఆ ఉద్రేకం 17 శాతం తగ్గింది. చాలామందికి ఇచ్చింది మామూలు పారాసిటమాలే.

కాబట్టి ప్రవర్తన హఠాత్తుగా మారితే ముందు చూడవలసినవి ఇవి: నొప్పి, మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షను, కొత్త మందు, నిద్రలేమి, చెవుడు, మసక చూపు. మతిమరుపు మొదలైతే థైరాయిడ్, బి12 లోపం, తలకు దెబ్బతగిలి లోపల గడ్డకట్టిన రక్తం వంటివి పరీక్షించాలి. వీటిలో కొన్ని వైద్యానికి లొంగుతాయి. తాయెత్తుకు పోయిన సమయమంతా ఇక్కడ నష్టమే.

మన దేశం సంగతి

మన దగ్గర ఈ జబ్బు కోసం మొదటి జాతీయ సంస్థ 1992లో కేరళలో పుట్టింది. అదే డాక్టర్ జాకబ్ రాయ్ స్థాపించిన అల్జైమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ. 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి, రెండు లేదా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది. చదువురాని వాళ్ళలోనూ ఇది కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసిన ఊరు కాబట్టే అక్కడ ఆ పరిశోధన సాధ్యమైంది. 2024లో లాన్సెట్ కమిషన్ రక్తపోటు, మధుమేహం, వినికిడి లోపం, చదువు లేకపోవడం వంటి 14 కారణాలను చూపి, వాటిని సరిదిద్దగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపడమో వాయిదా వేయడమో వీలవుతుందని చెప్పింది.

భజన సంగతి

ఇంతకీ మా నాన్న మారిపోయాడా?

ఆయన పన్నెండేళ్ళ వయసులో ఊరి రామాలయంలో భజన బృందంలో తాళాలు వేసేవాడు. ఇరవయ్యో ఏట హేతువాదం వైపు వచ్చాడు. రిబో సూత్రం ప్రకారం ఏది ముందు పోతుంది, ఏది మిగులుతుంది? పైగా చిన్నప్పటి పాట మాటలకంటే లోతుగా పాతుకుంటుంది. వాదించి, చదివి, ఆలోచించి సంపాదించుకున్న అభిప్రాయాలకు మెదడు మొత్తం పనిచేయాలి, కంఠతా వచ్చిన పాటకు అంత అక్కర్లేదు. ఆయన రామాలయంలో కాక మసీదు పక్కన పెరిగి ఉంటే మరో పాట వచ్చేది. సినిమాల పిచ్చి ఉన్న కుర్రవాడై ఉంటే సినిమా పాట వచ్చేది. దేవుడు ఆయన్ను వెనక్కి పిలిచాడనడానికి ఇందులో సాక్ష్యమేమీ లేదు.

డార్విన్ కూడా మరణశయ్య మీద మారిపోయాడని 1915లో లేడీ హోప్ పేరుతో ఒక కథ అచ్చయింది. ఆయన కూతురు హెన్రియెట్టా 1922లో దాన్ని ఖండించింది. ఆ కథ అబద్ధం. మా నాన్న భజన నిజం. అయినా రెంటినీ ఒకే పనికి వాడతారు.

మరి నేను ఆ భజన ఆపాలా? సంఘంలో కొందరు మిత్రులు "మాస్టారి పరువు పోతోంది, లోపల కూర్చోబెట్టండి" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ ఇరవై నిమిషాలు నాన్నకు భయం ఉండేది కాదు. చేతులు వణికేవి కావు. పదాలు దొరకని మనిషికి పదాలు దొరికేవి. మన సిద్ధాంతం పరువు కోసం ఒక రోగి నోరు మూయిస్తే, మనం భూతవైద్యుడికంటే ఏ విధంగా మెరుగు? అమ్మ గిన్నె మూతలు తీసి, అటక మీది అసలు తాళాలు దింపి ఇచ్చింది.

2019లో నాన్న పోయాడు. ఆయన 2003లోనే, పూర్తి తెలివిలో, తన శరీరాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలనీ, ఏ కర్మకాండా వద్దనీ స్వహస్తంతో రాసి సంతకం చేసి పెట్టాడు. మా బంధువులు "ఐదేళ్ళు రామభజన చేసిన మనిషికి దినకర్మ చేయవా?" అని నిలదీశారు. అక్క కూడా తటపటాయించింది. నేను ఆ కాగితం చూపించాను. ఆలోచించగలిగిన రోజుల్లో ఆలోచించి తీసుకున్న నిర్ణయానికి కట్టుబడాలి. భయపడిన రోజుల్లో ధైర్యం కోసం పాడుకున్న పాటను పాడనివ్వాలి. ఈ రెంటికీ మధ్య నాకు వైరుధ్యం కనిపించలేదు, ఇప్పటికీ కనిపించడం లేదు. మర్నాడు అమ్మ, అక్క, నేను ఆయన్ను కళాశాలకు అప్పగించి వచ్చాం.

మన సంఘాల మిత్రులకు ఒక మాట. ఏ ఊళ్ళోనైనా ముసలమ్మ మీద బాణామతి ముద్ర పడిందని తెలిస్తే, కిటుకుల పెట్టెతో పాటు ఒక వైద్యుణ్ణి కూడా వెంటబెట్టుకు వెళ్ళండి. "దయ్యం లేదు" అని చెప్పి వచ్చేయకండి. ఆమె ఎందుకలా మాట్లాడుతోందో, రాత్రి ఎందుకు తిరుగుతోందో, ఇంట్లోవాళ్ళు ఏం చేయవచ్చో కూడా చెప్పి రండి. మా అక్క అడిగిన ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఈసారి మన దగ్గర జవాబు ఉండాలి.